ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ పరుగు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నా కుడి మోకాలికి ఏసీఎల్ (తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కీలు లోపల కలిపి పట్టే లిగమెంటు, అంటే గట్టి పట్టీ) ఆపరేషన్ అయ్యాక నాలుగో నెలలో, ఫిజియో సరేనన్నాక, ప్రకాశం బ్యారేజీ మీద మొదటిసారి పరుగెత్తాను. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాలు నడక, ఇలా ఐదుసార్లు అని ఆవిడ కాగితం మీద రాసిచ్చారు. కానీ రెండు నెలలుగా ఇంట్లో సైకిల్ తొక్కుతున్నానేమో, ఊపిరి హాయిగా ఆడుతోంది. తెల్లవారుజాము, కృష్ణ మీద గాలి, పక్కన ఇంద్రకీలాద్రి దీపాలు. ఆగబుద్ధి కాలేదు. సీతానగరం చివరిదాకా వెళ్లి వెనక్కి, దాదాపు రెండున్నర కిలోమీటర్లు ఆపకుండా పరుగెత్తేశాను. ఆ రోజంతా మోకాలు ఏమీ అనలేదు. మర్నాడు లేచేసరికి చిప్ప అంచులు కనిపించనంత వాపు. అది తగ్గి, మళ్లీ ఆ ఒక్క నిమిషం పరుగు దగ్గరికి రావడానికి మూడు వారాలు పట్టింది.

గుండె, ఊపిరి వారాల్లో దారికొస్తాయి. కొత్తగా వేసిన లిగమెంటుకి, ఎముకకి, కీలు లోపలి పొరకి నెలలు కావాలి. పరుగెత్తేటప్పుడు మనకు వినిపించేది ఊపిరి ఒక్కటే; మోకాలి జవాబు మర్నాడు పొద్దున వస్తుంది. ఆ జవాబు ఎలా చదవాలో కింద రాస్తున్నాను. తొడ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) తీసి దానితో ఏసీఎల్ వేయించుకుని, 10కే, హాఫ్ మారథాన్ లాంటి దూరాలకు తిరిగి రావాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. మెనిస్కస్‌కి (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థికి) కూడా కుట్లు పడి ఉంటే నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి, మీ సర్జన్ చెప్పిన తేదీలే మీకు లెక్క.

ముందుగా: ఇవి కనిపిస్తే పరుగు మాట పక్కన పెట్టండి

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. దానికి ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమకొద్దీ నూనె పెట్టి పిక్క మర్దన చేస్తామంటారు, దయచేసి వద్దనండి, గడ్డ కదిలే ప్రమాదం ఉంది. జ్వరం, గాటు ఎర్రబడటం, చీము కారడం కూడా అదే రోజు చూపించాల్సినవే.

సమస్య: పరుగెత్తినప్పుడు బాగానే ఉంది, మర్నాడు మోకాలు ఉబ్బింది

కారణం: కీలు మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు పడింది. నెమ్మదిగా పరుగెత్తినా కిలోమీటరుకు ఒక్కో కాలు ఐదారు వందల సార్లు నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండింతలకు పైనే దెబ్బ పడుతుంది. సైకిల్ ఎంత తొక్కినా ఈ దెబ్బ అలవాటు కాదు.

వాపును కంటితో అంచనా వేస్తే తప్పుతాం. ఇలా చూడండి. మంచం మీద కాలు చాపి, తొడ వదులుగా వదిలేసి కూర్చోండి. చిప్పకు లోపలివైపు, అంటే రెండో మోకాలి వైపు, చిన్న గుంట ఉంటుంది. దాన్ని అరచేత్తో కింది నుంచి తొడవైపుకి రెండుమూడుసార్లు నిమరండి. ఇప్పుడు చిప్ప బయటివైపు పై నుంచి కిందికి ఒకసారి నిమురుతూ, కళ్లు ఆ గుంట మీదే ఉంచండి. గుంట గుంటలాగే ఉంటే నీరు లేదు. చిన్న అలలా ఉబికితే కొద్దిగా ఉంది. బయటివైపు చెయ్యి వేయకముందే గుంట దానంతటదే నిండిపోతే ఆ రోజు పరుగు లేదు. ఎంత నిమిరినా నీరు కదలనంత బిగుసుకుని ఉంటే ఫిజియోకి చూపించాలి. రోజూ లేవగానే, నడవకముందే చూసుకోండి. రెండు వారాలు చేస్తే చేతికి అలవాటైపోతుంది.

పరిష్కారం: గుంట ఖాళీ అయ్యేవరకు పరుగు ఆపి, గుడ్డ చుట్టిన ఐస్ 15 నిమిషాలు, క్రేప్ బ్యాండేజీ, సైకిల్. ఖాళీ అయ్యాక ఆపిన చోట నుంచి కాకుండా ఒక మెట్టు కింది నుంచి మొదలెట్టండి. నొప్పి సంగతి వేరు. పదికి రెండు దాటకుండా, మర్నాటికి పోయే నొప్పితో సాధన చేసుకోవచ్చు. పరుగుకి ముందు మాత్రం నొప్పి మాత్ర వేసుకోకండి. మోకాలి జవాబు మనకు వినిపించదు. పైగా ఎండలో, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకు చేటు.

సమస్య: నొప్పి లేదు, వాపు లేదు, అయినా పరుగెత్తొద్దంటున్నారు

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదమైన దశ ఇదే. వేసిన టెండన్ మొదట్లో రక్త ప్రసారం లేని కణజాలం. దానిలోకి కొత్త రక్తనాళాలు వచ్చి, అది మెల్లగా లిగమెంటులా మారాలి. ఈ మార్పు జరిగేటప్పుడు, సుమారు 6 నుంచి 12 వారాల మధ్య, అది బాగా బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గి మనకు ధైర్యం వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే.

పరిష్కారం: 12 వారాలు దాటాయన్నది ఒక్కటే చాలదు. మోకాలు పూర్తిగా చాపగలగాలి, పైన చెప్పిన గుంట ఖాళీగా ఉండాలి, అరగంట వేగంగా నడిచినా కుంటు రాకూడదు. ఆపరేషన్ కాలి తొడ బలం రెండో కాలిలో కనీసం 70 శాతం ఉండాలి. ఈ చివరిది టేపుతో తొడ కొలిస్తే తెలియదు. ఫిజియో దగ్గర మెషీన్ మీద కొలిపించుకోండి.

అన్నీ కుదిరాక రోజు విడిచి రోజు. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాలు నడక. రెండుసార్లు మర్నాడు గుంట ఖాళీగా ఉంటే రెండు-మూడు, తర్వాత మూడు-రెండు, నాలుగు-ఒకటి. బ్యారేజీ, కరకట్ట లాంటి చదును దారులు మంచివి. గుంటూరు వాళ్లు ఎన్టీఆర్ స్టేడియంలో చేసుకోవచ్చు. కొండవీడు ఘాట్ రోడ్డు ఎంత అందంగా ఉన్నా ఇప్పుడు వద్దు, దిగుడులో మోకాలి మీద భారం పెరుగుతుంది. ఆదివారం క్రికెట్, షటిల్ అసలే వద్దు. పరుగుకి నాలుగో నెలలో అనుమతి వచ్చినా, గిర్రున తిరిగే ఆటలకు తొమ్మిది నెలలైనా ఆగాలి.

సమస్య: మోకాలు పూర్తిగా చాపలేకపోతున్నాను

మంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్ల నుంచి కింది భాగం అంచు దాటి వేలాడేలా జరగండి. రెండు మడమల్ని ఎవరినైనా వెనక నుంచి చూడమనండి. ఆపరేషన్ కాలి మడమ ఎత్తుగా ఉంటే అంతమేర చాపడం తక్కువైనట్టు. సెంటీమీటరు తేడా అంటే దాదాపు ఒక డిగ్రీ. మా ఇంట్లో మా అమ్మాయి స్కూలు స్కేలు పట్టుకుని వారానికోసారి కొలిచేది. మొదట నాలుగు సెంటీమీటర్లు, పదో వారానికి అర సెంటీమీటరు.

కారణం: చాలాసార్లు తప్పు దిండుదే. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే కాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. వాపు కూడా చాపనివ్వదు. కొందరికి కొత్త లిగమెంటు ముందు మచ్చ కణజాలం ముద్దలా పెరిగి, చాపినప్పుడు తలుపుకి రాయి అడ్డం పడ్డట్టు ఆపేస్తుంది.

పరిష్కారం: దిండు తీసేయండి. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఖాళీ వదిలి, పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు ఉంచండి. వారాలు గడిచినా కదలిక రాకపోయినా, ముందువైపు టక్కుమని పట్టేస్తున్నా సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఆ ముద్ద వ్యాయామంతో పోదు. వంగిన మోకాలితో పరుగెత్తితే భారమంతా చిప్ప మీదే పడుతుంది.

సమస్య: మోకాలు జారిపోతున్నట్టుంది

రెండు రకాలు. మెట్ల మీద తొడ వణికి మోకాలు ముందుకి మడిచేస్తే అది తొడ కండరం బలహీనత. కీలులో నీరుంటే మెదడు ఆ కండరాన్ని సగం ఆపేస్తుంది, అందుకే ముందు వాపు తగ్గించాలి. తర్వాత మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం, గోడకి ఆనుకుని కూర్చోవడం, కుర్చీలోంచి ఒంటికాలితో లేవడం, లెగ్ ప్రెస్. వారానికి మూడు రోజులు, పరుగు మొదలయ్యాక కూడా ఆపకుండా. నడుస్తూ పక్కకి తిరిగినప్పుడు ఎముక ఎముక మీద జరిగినట్టు అనిపిస్తే మాత్రం కొత్త లిగమెంటునే అనుమానించాలి. వెంటనే సర్జన్‌కి చూపించండి.

సమస్య: చిప్ప ముందు నొప్పి, మెట్లు దిగేటప్పుడు మరీ

తొడ బలం తిరిగి రాకముందే దూరం పెంచితే ఇది వస్తుంది. దూరం తగ్గించి, ఒక చిన్న మార్పు చేయండి. అదే వేగంలో అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి 5 నుంచి 10 శాతం ఎక్కువ వేయండి. మీవి 160 ఉంటే 170 దగ్గరికి. పాదం శరీరానికి దగ్గరగా పడి మోకాలి మీద భారం తగ్గుతుంది. నాకు ఖరీదైన బూట్ల కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

సమస్య: తొడ వెనక పట్టేస్తోంది

టెండన్ తీసింది అక్కడి నుంచే కాబట్టి వేగం పెంచగానే ముందు ఫిర్యాదు చేసేది అదే. సాగదీయడం కంటే బలం పెంచడం ముఖ్యం. వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే బ్రిడ్జి మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో చేయండి. టప్పున శబ్దం వచ్చి నొప్పి పుడితే ఆ రోజుకి ఆపి ఫిజియోకి చెప్పండి. గాటు పక్కన చర్మం తిమ్మిరిగా ఉండటం వేరే సంగతి. అక్కడి సన్నని నరం తెగడం వల్ల వస్తుంది, పరుగుకి అడ్డు కాదు.

సమస్య: పాత వేగం రావడం లేదు, వాచీలో గుండె వేగం ఆకాశంలో ఉంది

కదలకుండా ఉన్న మొదటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం, ప్లాస్మా, తగ్గుతుంది. గుండె కొట్టుకున్న ఒక్కోసారికి తక్కువ రక్తం వెళ్తుంది కాబట్టి అది ఎక్కువసార్లు కొట్టుకోవాలి. దానికి మన బెజవాడ వాతావరణం తోడవుతుంది. గాలిలో తేమకి చెమట ఆరదు, నెలలు ఏసీ గదిలో ఉన్న ఒంటికి వేడి అలవాటు పోయి ఉంటుంది. అది తిరిగి రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. వేగం చూడకండి. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతుంటే చాలు. ఎండాకాలంలో ఆరున్నరకల్లా ఇంటికి చేరండి.

నెల దాటినా మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 కంటే హిమోగ్లోబిన్ తక్కువుంటే రక్తహీనతే. తిండిలో ప్రొటీన్ కూడా చూసుకోవాలి. కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాములంటే 60 కిలోల మనిషికి దాదాపు 95 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి. ఇడ్లీ, చారన్నంతో లెక్క కుదరదు. గుడ్లు, చేప, పప్పు, పెరుగు ప్రతి పూటకీ సర్దుకోవాలి.

సమస్య: రేసు తేదీ దగ్గర పడుతోంది, మోకాలు సిద్ధంగా లేదు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. మనవైపు నుంచి చాలామంది దానికే పేరిస్తారు. అక్కడ ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, దిగుడులో మోకాలికి ఏమవుతుందో పైన చెప్పాను. నా పద్ధతి ఇది. డైరీలో దూరం, సమయం పక్కన మూడో గడి గీసుకున్నాను, మర్నాడు పొద్దున గుంట ఎలా ఉందో రాయడానికి. రేసుకి నెల ముందు వరుసగా మూడు పొడవు పరుగుల తర్వాత ఆ గడిలో ‘ఖాళీ’ అని ఉంటేనే హాఫ్. రెండుసార్లే ఉంటే 10కే. ఒక్కసారే ఉంటే ఆ ఏడాది నీళ్ల టేబుల్ దగ్గర నిలబడి గ్లాసులు అందిస్తాను. మొదటి ఏడాది నేను అందించాను కూడా.