బాణం వదిలాక అరగంట దిగొద్దు: విల్లు వేట సీజన్‌కు ముందు జాగ్రత్తలు

పోయిన నవంబర్ మొదటి వారం. సాయంత్రం 5:12కి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "అన్నా, కొట్టాను. చాలా పెద్దది. దిగుతున్నా." చెట్టుకు కట్టిన ట్రీ స్టాండ్ అనే కుర్చీలో కూర్చుని విల్లుతో జింక కోసం కాపు కాస్తున్న మా తమ్ముడు పంపాడు. వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. మేం ముగ్గురం టార్చిలైట్లు పట్టుకుని వెళ్లేసరికి మా తమ్ముడు చెట్టు మొదట్లో ఓక్ ఆకుల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక బూటు నిచ్చెన మూడో మెట్టులో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. పడిపోకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ ఒంటి మీదే ఉంది, పట్టీలన్నీ బిగించే ఉన్నాయి. చెట్టుకు తగిలించాల్సిన కొక్కెం మాత్రం వీపు కింద నలిగి ఉంది. దిగుదామని తనే విప్పేశాడు.

వెన్నుపూస ఒకటి విరిగింది. ఎడమ మడమ నుజ్జయింది. ఇప్పటికీ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాడు. జింక రెండు రోజుల తర్వాత పక్క పొలంలో దొరికింది, అప్పటికే కయోటీలు (నక్కల్లాంటి జంతువులు) సగం తినేశాయి. ఆ పొలం ఆయన కొమ్ములు ఇవ్వనన్నాడు. అడిగే హక్కు మాకూ లేదు, ఆ పొలంలో అడుగు పెట్టడానికి మా దగ్గర కాగితం లేదు.

ఒహాయోలో విల్లు సీజన్ సెప్టెంబర్ చివరి శనివారం మొదలై ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా నడుస్తుంది. కొలంబస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లలో ఏటా కొందరు కొత్తగా విల్లు పడుతున్నారు. లైసెన్స్ తీసుకోండి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయండి లాంటివి ఇక్కడ రాయను, అవి మీకు తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. బాణం వదిలాక దిగొద్దు. కనీసం అరగంట. ఈ పన్నెండేళ్లలో నాకు తెలిసినవాళ్లలో నడుం పోయినా, జింక పోయినా, పరువు పోయినా, ముగ్గురిలో ఇద్దరి కథ ఆ అరగంటలోనే మొదలైంది.

చెట్టు ఎక్కే ముందు

మాది నల్గొండ వైపు. మా ఊళ్లో గీత కార్మికులు మోకు లేకుండా తాడి చెట్టు ముట్టుకోరు. రోజూ ఎక్కే చెట్టే అయినా, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నా మోకు మోకే. అయినా పడి చనిపోయినవాళ్లు ఉన్నారు. అందుకే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో వాళ్లకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తాడి చెట్టు నీడలో పెరిగిన మనం ఇక్కడికొచ్చి పద్దెనిమిది అడుగుల ట్రీ స్టాండ్‌ను మెట్ల కుర్చీలా చూస్తున్నాం.

చాలామంది స్టాండ్‌లో కూర్చున్నాక హార్నెస్ తగిలిస్తారు, దిగే ముందు విప్పేస్తారు. కూర్చున్నవాడు పడడం తక్కువ. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మరీ ముఖ్యంగా నిచ్చెన మీది నుంచి స్టాండ్‌లోకి కాలు మార్చేటప్పుడే పడతారు. అంటే పడే సమయంలోనే కొక్కెం విప్పి ఉంటుంది. దీనికి లైఫ్‌లైన్ ఉంది. చెట్టు మొదలు నుంచి స్టాండ్ పైదాకా కట్టి ఉంచే ఒక తాడు, దాని మీద జరిగే ప్రూసిక్ ముడి. నేల మీద ఉండగానే ఆ ముడికి కొక్కెం తగిలించి, ఎక్కుతూ ముడిని పైకి జరుపుకుంటూ పోవాలి. మళ్లీ నేల మీద కాలు పెట్టాకే విప్పాలి. పడితే ముడి బిగుసుకుని ఆపుతుంది. మీ బాణాల పెట్టె ఖరీదులో సగం కూడా ఉండదు. ఎన్ని స్టాండ్లు కట్టారో అన్ని లైఫ్‌లైన్లు కట్టండి.

స్టాండ్‌ను కట్టి పోయిన ఏడాది చెట్టుకే వదిలేసిన పట్టీలను నమ్మొద్దు. ఎండకు, మంచుకు దారం లోపల కుళ్లిపోతుంది, ఉడతలు కొరుకుతాయి. చెట్టు లావెక్కి పట్టీని లోపలికి మింగేస్తుంది కూడా. సీజన్‌కు ముందు అన్నీ మార్చేయండి.

హార్నెస్‌లో వేలాడాల్సి వస్తే తొడల దగ్గర పట్టీలు నొక్కి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, నిమిషాల్లో స్పృహ తప్పే ప్రమాదం ఉంది. కాళ్ల కింద వేసుకుని నిలబడే పట్టీ హార్నెస్‌తోనే వస్తుంది. దాన్ని విప్పి కుడి జేబులో పెట్టుకోండి. బ్యాగులో ఉంటే లేనట్టే.

బాణం వదిలాక

ఇక్కడివాళ్లు రట్ అనే ఎద కాలంలో, నవంబర్ మొదటి రెండు వారాల్లో, పగలంతా కనిపించని పెద్ద మగ జింకలు బయటికొస్తాయి. మూడేళ్లు చెట్టుకు కట్టిన కెమెరాలో మాత్రమే చూసిన బక్ (మగ జింక) ఇరవై గజాల్లో నిలబడితే ఎవరికైనా గుండె గొంతులోకి వస్తుంది. బాణం వదలగానే చేతులు వణుకుతాయి, మోకాళ్లలో సత్తువ ఉండదు, నోరు ఎండిపోతుంది. ఆ ఒంటితో నిచ్చెన దిగితే ఏమవుతుందో పైన రాశాను.

అందుకే దిగొద్దు. ఏం చేయాలి? టైమ్ చూడండి. బాణం తగిలినప్పుడు జింక ఎక్కడ నిలబడి ఉందో, చివరిసారి ఎక్కడ కనిపించిందో రెండు చెట్లు గుర్తు పెట్టుకోండి. పై నుంచి చూసిన దిక్కు కింద నిలబడితే కనబడదు, ఫోన్‌లో కంపాస్ తెరిచి ఆ దిక్కు ఫోటో తీయండి. చెవులు రిక్కించి వినండి. కొమ్మలు విరిగిన చప్పుడు, పడిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. రెండో బాణం తగిలించి పక్కన పెట్టుకోండి. నీళ్లు తాగండి. మెసేజ్ పెట్టాలంటే "కొట్టాను, 5:40 దాకా కూర్చుంటా" అని పెట్టండి. మా తమ్ముడి మెసేజ్‌లో ఆ చివరి మాట ఉండి ఉంటే ఇవాళ ఇది రాసే పనే లేదు.

అరగంట తర్వాత దిగి ముందు బాణం వెతకండి, జింకను కాదు. బాణం మీద బుడగలతో లేత ఎరుపు రక్తం ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది, మెల్లగా వెళ్లొచ్చు. రక్తం ముదురు ఎరుపుగా ఉంటే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. ఆకుపచ్చగా, గోధుమ రంగుగా ఉండి వాసన వస్తే పొట్టలో తగిలింది, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. రాత్రి అయితే ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకుని తెల్లారి రండి. నిద్ర పట్టదు, నాకు తెలుసు. అయినా వెళ్లండి.

దెబ్బ తిన్న జింకను తరమకపోతే చాలాసార్లు నూటయాభై గజాల్లోపే ఎక్కడో పడుకుంటుంది, అక్కడే ప్రాణం వదులుతుంది. వెంటపడితే లేస్తుంది. లేచిందంటే మైలు పోతుంది, రక్తం కారడం ఆగిపోతుంది, కంచె దాటుతుంది. ఒక ప్రాణిని గంటలకొద్దీ బాధపెట్టి పోగొట్టుకున్న పాపం మనది. కంచె దాటాక వేరే కథ మొదలవుతుంది.

కంచె అవతల

ఒహాయోలో ప్రైవేటు భూమిలో వేటకు యజమాని రాతపూర్వక అనుమతి కావాలి, అది జేబులో ఉండాలి. "వచ్చి వేటాడుకో బాబూ" అని పెద్దాయన నోటితో అన్నది చెల్లదు. ఆయన కొడుకు అన్నది అసలే చెల్లదు. మీరు కొట్టిన జింక పక్క పొలంలో పడినా, ఆ యజమానిని అడగకుండా కంచె దాటకూడదు. కాబట్టి సీజన్‌కు ముందే నాలుగు వైపులా ఉన్న పొలాల వాళ్ల తలుపు తట్టండి, పేరు చెప్పుకోండి, ఫోన్ నంబర్ తీసుకోండి. దీపావళికి నేను ఒక డబ్బా లడ్డూలు పట్టుకెళ్తాను. రాత్రి తొమ్మిదింటికి టార్చ్ పట్టుకుని ముక్కూ మొహం తెలియని మనిషి తలుపు తడితే ఎవరూ సంతోషించరు.

2023 నవంబర్‌లో క్లింటన్ కౌంటీలో పడిన 18 పాయింట్ల (కొమ్ముల మొనల) బక్ సంగతి ఇక్కడ వేటగాళ్లందరికీ తెలుసు. రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్ద జింకల్లో ఒకటని దేశమంతా మాట్లాడుకున్నారు. తీరా చూస్తే బంధువుల స్థలంలో కొట్టానని చెప్పిన జింక అనుమతి లేని వేరే స్థలంలో పడిందని అధికారులు తేల్చారు. కొమ్ములు పట్టుకెళ్లారు. ఆ మనిషి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. పరిహారమే 35 వేల డాలర్లు దాటింది. కొమ్ముల కొలతలన్నీ కలిపిన స్కోరు 125 అంగుళాలు దాటితే పరిహారం ఆ స్కోరును బట్టి పెరిగే లెక్క ఒహాయోది. జింక ఎంత పెద్దదైతే తప్పు అంత ఖరీదు. వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. సిటిజన్‌షిప్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు పడిందా అని అడుగుతారు. జింక కేసైనా కేసే.

కొమ్ముల పుస్తకం

పెద్ద బక్ పడితే రికార్డు ఆశ మొదలవుతుంది. విల్లుతో కొట్టినవాటి రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్ 1961లో మొదలైంది, వైట్‌టెయిల్ (ఇక్కడి తెల్లతోక జింక) టిపికల్‌కు, అంటే రెండు కొమ్ములూ ఒకే తీరుగా ఉంటే, కనీసం 125, తీరు తప్పిన మొనలు ఎక్కువున్న నాన్ టిపికల్‌కు 155 కావాలి. ఇంకో రికార్డుల క్లబ్ బూన్ అండ్ క్రాకెట్ 1887 నాటిది, అక్కడ ఆయుధంతో పని లేదు, కానీ శాశ్వత పుస్తకంలోకి 170, 195 కావాలి. ఒహాయోలో ఆర్చరీ సీజన్ అంటే క్రాస్‌బోకూ (ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లు) అనుమతి ఉంటుంది, మనవాళ్లు సగం మంది దాంతోనే మొదలుపెడతారు. పోప్ అండ్ యంగ్ క్రాస్‌బోను విల్లుగా ఒప్పుకోదు. 2021లో ఇండియానాలో ఒకాయన కొట్టిన 211 4/8 బక్ అమెరికాలోనే అతి పెద్ద టిపికల్‌గా బూన్ అండ్ క్రాకెట్‌లో ఎక్కింది. అది క్రాస్‌బోతో పడింది కాబట్టి విల్లు పుస్తకంలో లేదు. అక్కడ పై స్థానం 1965లో ఇల్లినాయ్‌లో మెల్ జాన్సన్ కొట్టిన 204 4/8ది. దేంతో కొట్టారో మొదటి రోజు నుంచే నిజం చెప్పండి.

అదే రాత్రి టేపు పెట్టి కొలిచింది గ్రీన్ స్కోరు. అసలు కొలత 60 రోజులు ఆరాకే. ఈలోపు "స్టేట్ రికార్డ్" అని ఎవరితోనూ అనొద్దు. 1998లో మిషిగన్‌లో ఒక విల్లు వేటగాడి బక్‌కు 216 5/8 కొలత వచ్చిందన్నారు. అంటే 1993లో కెనడాలో మైలో హాన్సన్ కొట్టిన 213 5/8 ప్రపంచ రికార్డును దాటినట్టు. ఆ కొమ్ములు బూన్ అండ్ క్రాకెట్ పరిశీలనకు ఎప్పుడూ వెళ్లలేదు. పాతికేళ్లు దాటినా నిజమా అబద్ధమా అన్న గొడవ తెగలేదు. వివాదం అంటూ వస్తే పనికొచ్చేది ఆ మొదటి అరగంటలో మీరు ప్రశాంతంగా చేసినవే. టైమ్, స్థలం, దిక్కు ఫోటో, మెసేజ్. గాభరాగా దిగి పరిగెత్తినవాడి దగ్గర ఇవేవీ ఉండవు.

మిగతావి వరసగా రాస్తున్నా, ప్రింట్ తీసి బో కేసులో పెట్టుకోండి.

- పడిన చోటే, కదపకముందే జింకకు ట్యాగ్ (వివరాలు రాసిన చీటీ) కట్టండి. ట్రక్కులో వేశాక కట్టడం తప్పు.
- గేమ్ చెక్ (కొట్టిన జింకను రాష్ట్రం దగ్గర నమోదు చేయడం) మర్నాడు మధ్యాహ్నం 12 లోపు. పన్నెండున్నరకు చేస్తే అది లేనట్టే.
- ట్యాగ్ కట్టాక, పడిన చోటులోనే ఫోటోలు తీయండి. కనీసం ఒక్కదానిలో చుట్టుపక్కల చెట్లు కనబడాలి.
- విల్లు పట్టుకుని నిచ్చెన ఎక్కొద్దు. తాడుతో పైకి లాక్కోండి, బాణాలు మూతలోనే ఉండాలి. బ్రాడ్‌హెడ్ (బాణం కొసన ఉండే పదునైన బ్లేడు) మీద పడితే తొడ రక్తనాళం తెగుతుంది.
- ఒహాయోలో ఏడాదికి ఒక్క కొమ్ముల జింకే. భార్య ట్యాగ్ మీద రెండోది వేయొద్దు. ఇది చేసినవాళ్లు నాకు తెలుసు, ఇప్పుడు నాతో మాట్లాడరు.
- గన్ సీజన్ రోజుల్లో విల్లుతో వెళ్లినా ఆరెంజ్ జాకెట్ తప్పనిసరి.
- ఫోన్‌కు అప్పటికప్పుడు ఫోటో పంపే కెమెరా చూసుకుంటూ జింక దగ్గరకు వెళ్తే రికార్డు పుస్తకం మూసుకుపోయినట్టే.
- కంచె వేసి పెంచిన జింకను అడవి జింక అని చెప్పొద్దు.
- పుర్రె కోయించొద్దు. రెండు ముక్కలైతే మధ్య వెడల్పు కొలవలేరు, స్కోరు పోయింది. తలను భద్రపరిచే ట్యాక్సిడర్మిస్టుకు ముందే చెప్పండి, కాగితం మీద రాయించండి.
- రక్తం జాడ తప్పితే పదిమందిని పిలిచి అడవంతా తొక్కించొద్దు. పట్టీ వేసిన కుక్కతో వెతికించడం ఒహాయోలో చట్టబద్ధమే. అలాంటి కుక్క ఉన్నవాళ్ల నంబర్ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి.
- కొమ్ములు ఇండియాకు సూట్‌కేసులో పెట్టొద్దు.
- ఊళ్లో ఉన్న తమ్ముళ్లకు ఫోటోలు పంపి ఊరించొద్దు. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, జింకను కొడితే జైలే.
- సూర్యాస్తమయం తర్వాత అరగంట దాటితే బాణం వదలొద్దు. ఎంత పెద్దదైనా వదలొద్దు.
- దిగొద్దు. అరగంట. పక్కన ఎవరైనా ఉండి "రా అన్నా, పోదాం" అన్నా దిగొద్దు.
- దిగేటప్పుడు కొక్కెం లైఫ్‌లైన్ మీద ఉందో లేదో చేత్తో లాగి చూడండి. కళ్లతో చూడడం సరిపోదు, చీకట్లో ఉన్నట్టే కనిపిస్తుంది.
- ఏ చెట్టు మీద ఉన్నారో మ్యాప్ పిన్ ఇంట్లోవాళ్లకు పంపండి, ఎన్నింటికి ఫోన్ చేస్తారో చెప్పండి. ఆ టైమ్‌కు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా చెప్పండి. మా తమ్ముడి భార్యకు ఆ అడవి ఏ కౌంటీలో ఉందో కూడా తెలియదు. మెసేజ్ నాకు వచ్చింది కాబట్టి వెళ్లగలిగాం.