దీపావళి మందుగుండు: వత్తి ముట్టించక ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

దీపావళి జాగ్రత్తలు అనగానే మనం వత్తి ముట్టించే క్షణం గురించే చెప్పుకుంటాం. నూలు బట్టలు కట్టుకోవాలని, పిల్లల పక్కన పెద్దవాళ్ళు ఉండాలని, బక్కెట్టుతో నీళ్ళు దగ్గర పెట్టుకోవాలని అంటాం. అవన్నీ అవసరమే. అయితే ఈ మధ్య మన రాష్ట్రంలో మందుగుండు ప్రాణాలు తీసిన సంఘటనలను ఒకసారి తలచుకోండి. 2022 అక్టోబరు 23న, పండుగకు సరిగ్గా ముందురోజు, విజయవాడ గాంధీనగర్ జింఖానా మైదానంలో టపాకాయల దుకాణాలు అంటుకొని ఇద్దరు చనిపోయారు. 2024 అక్టోబరు 31న ఏలూరులో స్కూటరు మీద తీసుకువెళుతున్న ఉల్లిపాయ బాంబులు దారిలోనే పేలి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు, మరికొందరు గాయపడ్డారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారుచేసేచోట పేలుడు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఈ మూడింటిలోనూ పండుగ చేసుకోవడానికి వత్తి ముట్టించినవారు ఎవరూ లేరు. అమ్మేచోట, తీసుకువెళ్ళేచోట, తయారుచేసేచోట జరిగిన ప్రమాదాలివి. అందుకే వెలిగించడానికి ముందు రోజుల గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా ఇంట్లో మందు నూరడం సంగతి. గుంటూరు బ్రాడీపేటలో మా చిన్నతనంలో దసరా వెళ్ళిన మర్నాటి నుంచే పెరట్లో ఈ పని మొదలయ్యేది. సూరేకారం (పొటాషియం నైట్రేటు), గంధకం, బొగ్గు విడివిడిగా నూరి పలుచని గుడ్డలో జల్లించేవాళ్ళు. మట్టి బుడ్లు ఎండబెట్టి, ఇనుప రజను కలిపి, మా బాబాయి ఒక్కో బుడ్డిలో మందు దట్టించేవారు. చేయి తిరిగిన మనిషి. ఏళ్ళ తరబడి చేస్తున్నారు కనుక ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఒక ఏడాది చెక్క కడ్డీ విరిగిపోయిందని, దాని బదులు చేతికందిన ఇనుప ఊచ తీసుకున్నారు. నాలుగో బుడ్డో అయిదో బుడ్డో దట్టిస్తుండగా తెల్లటి వెలుగు ఒక్కసారిగా లేచింది. శబ్దం పెద్దగా రాలేదు. పొగ తేరుకునేసరికి ఆయన రెండు చేతులూ ముందుకు చాపి అలాగే కూర్చుని ఉన్నారు, కనుబొమ్మలు లేవు, అరచేతి చర్మం చేతి తొడుగులా ఊడి వేలాడుతోంది. పక్కన పళ్ళెంలో ఉన్న మందుకు నిప్పు పాకలేదు కనుక ఆయన మాకు మిగిలారు. కుడిచేతి వేళ్ళు రెండు మళ్ళీ సరిగా ముడుచుకోలేదు. మరుసటి ఏడాది నుంచి మా ఇంట రోలు మందుకు వాడలేదు.

ఆయన చేసిన తప్పు ఇనుప ఊచ వాడటం ఒక్కటే అనుకుంటే మనం నేర్చుకున్నది సగమే. మామూలుగా మంట మండాలంటే గాలిలోని ప్రాణవాయువు కావాలి, దుప్పటి కప్పితే ఆరిపోతుంది. మందులో ఆ ప్రాణవాయువును సూరేకారమే తన లోపల మోసుకుని వస్తుంది. అందువల్ల ఒకసారి అంటుకున్న మందును తడి గోతాం కప్పి ఆర్పలేం. మందు ఎంత మెత్తగా నూరితే అంత త్వరగా అంటుకుంటుంది, ఎంత గట్టిగా మూసిన గూటిలో ఉంటే అంత బలంగా పేలుతుంది. విడిగా పళ్ళెంలో భగ్గుమనే పొడే కాగితం చుట్టి తాడు బిగిస్తే బాంబవుతుంది. అది అంటుకోవడానికి అగ్గిపుల్లే అక్కరలేదు. ఇనుము రాయికి తగిలిన రవ్వ చాలు, పొడి వాతావరణంలో నైలాను చీర రాసుకుని పుట్టే చిటపట కూడా చాలు.

సూరేకారానికి బదులు పొటాషియం క్లోరేటు వాడిన మందు మరింత ప్రమాదకరం. దానికి గంధకం తగిలితే ఆ మిశ్రమం నిప్పు లేకుండానే, కేవలం రాపిడికో దెబ్బకో పేలగలదు. ఈ కారణంగానే క్లోరేటు, గంధకం కలిసిన మందును తయారుచేయడాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని 1992లో దేశమంతటా నిషేధించారు. ఎవరో కలిపి పొట్లం కట్టి అమ్మే మందులో ఏముందో చూపుతో చెప్పగల మొనగాడు లేడు. అలాంటి పొట్లాలు ఎంత చవకగా వచ్చినా ఇంటికి తేవద్దు. తడి విషయంలోనూ చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. తడిసిన మందు చచ్చిపోయిందని అనుకుంటారు. అల్యూమినియం పొడి, నైట్రేటు కలిసిన మందుకు చెమ్మ తగిలితే లోలోపల రసాయన చర్య మొదలై దానంతట అదే వేడెక్కే అవకాశం ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడే మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం, 2008 నిబంధనల ప్రకారం నేరం. మా ఇంటివరకే కదా అనే మాట అక్కడ చెల్లదు. అలాగే తుపాకి లైసెన్సు ఉన్నవారిలో కొందరికి కాల్చిన తూటాల గొట్టాల్లో మళ్ళీ మందు కూరుకోవచ్చునన్న ఆలోచన వస్తుంది, ఇతర దేశాల వీడియోలు చూసి అదొక ముచ్చటగా కనిపిస్తుంది. తుపాకి ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు తూటాలు తయారుచేయడానికి ఇచ్చిన అనుమతి కాదు. 1959 ఆయుధాల చట్టం దానికి వేరే లైసెన్సు అడుగుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, మందు పాళ్ళు కొంచెం తప్పితే తుపాకి గొట్టమే కాల్చేవాడి ముఖం దగ్గర పగలవచ్చు. ఈ ఆలోచన ఉన్నవారు అక్కడితో మానుకోవాలని ఖండితంగా చెబుతున్నాను.

మన ఇళ్ళలో ఎవరూ తయారీ అనుకోని పని ఇంకొకటి ఉంది. పేలకుండా మిగిలిన టపాకాయలను మర్నాడు పొద్దున్నే పిల్లలు ఏరుకొచ్చి, కాగితం విప్పి, మందంతా ఒకచోట పోసి వెలిగిస్తారు. పెద్దవాళ్ళు చూసి నవ్వి ఊరుకుంటారు. బాబాయి పళ్ళెంలో ఉన్న మందుకూ ఈ కాగితం మీద పోసిన మందుకూ ఏ తేడా లేదు, పైగా పిల్లవాడు దాని మీదికి వంగి అగ్గిపుల్ల గీస్తాడు. అది చాలదన్నట్టు, ఇందులో నాలుగు రకాల టపాకాయల మందు కలిసిపోయి ఉంటుంది. పండుగకు ముందే పిల్లలను కూర్చోబెట్టుకుని ఈ ఒక్క విషయం విడమరచి చెప్పండి. వద్దు అనడంతో సరిపెట్టకుండా ఎందుకు వద్దో కూడా చెబితే వాళ్ళు వింటారు.

కొనడానికి వెళ్ళినప్పుడు దుకాణాన్ని కొంచెం పరిశీలనగా చూడండి. తాత్కాలిక దుకాణాలు మంటకు అంటుకోని సామగ్రితో కట్టినవై ఉండాలని, ఒకదానికొకటి కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలని, ఎదురెదురుగా పెట్టకూడదని, ఒకేచోట 50కి మించి ఉండకూడదని నిబంధనలు చెబుతున్నాయి. గుడ్డ పందిరి కింద, వేలాడే కరెంటు తీగల పక్కన, ఆనుకుని వరుసగా పెట్టిన దుకాణాల్లో ధర తక్కువని నిలబడవద్దు. చంటిపిల్లలను అక్కడికి అసలు తీసుకువెళ్ళవద్దు. నలుగురూ తోసుకునే చోట మంట లేస్తే బయటికి వచ్చే దారి ఏదో లోపలికి అడుగుపెట్టకముందే చూసుకోండి. పెట్టె మీద తయారీదారు పేరు, లైసెన్సు వివరాలు లేని సరుకు తీసుకోవద్దు. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు బేరియం లవణాలు వాడిన టపాకాయలను, పొడవాటి సరాలను నిషేధించింది, దీపావళి రాత్రి కాల్చుకోవడానికి 8 నుంచి 10 గంటల వరకు సమయం పెట్టింది. ఉల్లిపాయ బాంబుల జోలికి మాత్రం వెళ్ళనే వద్దు. వాటిని ముట్టించనవసరం లేదు, నేలకు గట్టిగా తగిలితే చాలు. ఏలూరులో జరిగింది అదే.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు స్కూటరు ముందుభాగంలో కాళ్ళ మధ్య, సీటు కింద ఇంజను వేడి తగిలేచోట పెట్టుకోవద్దు. గట్టి అట్టపెట్టెలో కదలకుండా సర్ది, వెనుక కూర్చున్నవారు ఒళ్ళో పెట్టుకోవడం కంటే కారులోనో ఆటోలోనో విడిగా ఉంచి తీసుకురావడం మంచిది. ఆ బండిలో సిగరెట్టు, బీడీ ముట్టించకూడదు. విజయవాడ నుంచి ఊళ్ళకు వెళ్ళేవారు పిల్లలకోసమని సంచిలో టపాకాయలు పెట్టుకుని రైలెక్కుతూ ఉంటారు. 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద దీనికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. కదిలే పెట్టెలో మంట లేస్తే తప్పించుకునే దారి ఉండదన్న సంగతి ఆ సెక్షను కంటే ముఖ్యం. ఆర్టీసీ బస్సుకూ ఇదే మాట.

నిలవ ఉంచే రోజులు ఎంత తక్కువైతే అంత మేలు. పండుగకు రెండు రోజుల ముందు తెచ్చుకుంటే చాలు. వంటగదిలో అటక మీద, గ్యాసు సిలిండరు పక్కన, దేవుడి గదిలో దీపం కింద, ఇన్వర్టరు బ్యాటరీ దగ్గర పెట్టవద్దు. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి, మిరపకాయల బస్తాలు ఇంట్లోనే నిలవ చేసేవారు, వరిగడ్డి వాముల దగ్గర కొట్టాలున్నవారు సరుకును వాటికి దూరంగా, వేరే గదిలో ఉంచాలి. పొడిగా ఉన్న, మూత పెట్టిన అట్టపెట్టె, పిల్లలకు అందని ఎత్తు, తాళం వేసే తలుపు ఉంటే సరిపోతుంది. వానకు చెమ్మగిల్లితే డాబా మీద ఎర్రటి ఎండలో పరచడం, పెనం మీద వెచ్చచేయడం, ఇస్త్రీపెట్టె ఆనించడం మన దగ్గర ఉన్న అలవాట్లే. మూడూ ప్రమాదకరమే. చెమ్మగిల్లిన వాటిని డబ్బు పోయిందని అనుకుని బక్కెట్టు నిండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేసేయండి.

వెలిగించే వేళ గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. ఒకసారి ఒకటే, ఒకరే వెలిగించాలి. పొడవాటి అగరువత్తి వాడి, ముఖం పక్కకు తిప్పి, చేయి చాపి ముట్టించి వెనక్కు రావాలి. చిచ్చుబుడ్డి మీదికి ఎన్నడూ వంగకూడదు. డబ్బాలు, కుండలు, సీసాలు బోర్లించి కాల్చడం అంటే ముక్కలను నలుదిక్కులకూ విసరడమే. కాకరపువ్వొత్తి చిన్నపిల్లలకు సురక్షితమని మనం అనుకుంటాం కానీ దాని కొస వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, అయిపోయిన తీగ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఒక బక్కెట్టు నీళ్ళు ఆ తీగలు ముంచడానికి, ఒక బక్కెట్టు ఇసుక మండే లోహపు పొడి మీద పోయడానికి ఉంచుకోండి. లోహపు పొడి మంట మీద నీళ్ళు పోస్తే మంట ఇంకా ఎగసిపడుతుంది. గోగు కాడలకు గుడ్డ వత్తులు కట్టి వెలిగించే ఆనవాయితీ ఉన్న ఇళ్ళలో ఆ వత్తిని నూనె కారకుండా పిండి కట్టండి, కాడలు నేలకు కొట్టి ఆర్పేటప్పుడు పిల్లల పాదాల దగ్గర నిప్పురవ్వలు చూసుకోండి.

చేయి కాలితే ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. కుళాయి నీళ్ళ ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు, పళ్ళపేస్టు, పసుపు, సిరా, వెన్న ఏదీ పూయకూడదు, బొబ్బలు చిదపకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కంటికి ఏదైనా గుచ్చుకుంటే నలపవద్దు, నీళ్ళు కొట్టవద్దు, కన్ను నొక్కుకోకుండా పైన కాగితపు కప్పు ఆనించి వెంటనే బయలుదేరండి. బట్టలంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. ఈ మాట పిల్లలతో పండుగకు ముందే ఒకటి రెండుసార్లు చేయించి చూడండి. 108, 101 నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి.

పేలని టపాకాయ దగ్గరికి కనీసం పావుగంట వరకు ఎవరూ పోకూడదు. తరువాత దూరం నుంచి నీళ్ళు పోసి, పొడవాటి కర్రతో బక్కెట్టులోకి నెట్టి, తెల్లవారేదాకా నానబెట్టండి. నాగుల చవితి కోసమని మిగిల్చుకునే సరుకు ఆ నాలుగు రోజులూ మొదటి అట్టపెట్టెలోనే, మొదటి తాళం కిందే ఉండాలి. పండుగ అయిపోయింది కదా అని మంచం కిందికి తోసెయ్యకూడదు. మర్నాడు ఉదయం ముంగిలి ఊడ్చే పని పిల్లలు లేవకముందే పెద్దవాళ్ళు చేయండి. ఊడ్చిన కాగితాన్ని పొయ్యిలో వేయకుండా, కుప్ప పోసి తగలబెట్టకుండా, బక్కెట్టులో నానినవాటితో పాటు తడిగానే విడి సంచిలో కట్టి, ఇందులో టపాకాయల మిగులు ఉందని చెప్పి పారిశుద్ధ్య కార్మికుల చేతికి ఇవ్వండి.