తెలుగు చేసిన ఓపెన్ పాఠాన్ని కామన్స్ తీసేస్తోందా?

సమస్య: వాడినవన్నీ ఓపెన్ లైసెన్స్ (షరతులు పాటిస్తే ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి) ఉన్న పాఠాలే, మూల రచయితల పేర్లూ ఇచ్చారు. అయినా వికీపీడియాకి తోడుగా ఫైళ్లు దాచే సైట్ వికీమీడియా కామన్స్‌లో పెట్టిన పీడీఎఫ్‌కి తొలగింపు నోటీసు వచ్చింది.

ముందు మూల పుస్తకంలో లైసెన్స్ పేజీ తెరవండి. చాలామంది తెరవనిదే అది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా డౌన్‌లోడ్ అవుతాయి, కానీ సర్వహక్కులూ వాళ్లవే. లైసెన్స్‌లో ఎన్‌డీ (నో డెరివేటివ్స్, మార్చినదాన్ని పంచొద్దన్న షరతు) ఉంటే అనువదించి పంచకూడదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ముంచేది రెండు ఎస్ఏల తగువు. ఎస్ఏ అంటే షేర్ అలైక్: మార్చిన పాఠాన్ని అదే లైసెన్స్ కింద ఇవ్వాలన్న షరతు. ఉచిత పాఠ్యపుస్తకాలిచ్చే ఓపెన్‌స్టాక్స్ వాళ్ల ‘కాల్కులస్ వాల్యూమ్ 1’ నుంచి లిమిట్స్ పాఠం తెలుగు చేశారనుకుందాం. అది సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ 4.0 (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్, బై అంటే పేరు చెప్పాలి, ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, 4.0 దాని వెర్షన్). నిర్వచనం చాల్లేదని వికీపీడియా నుంచి రెండు పేరాలు తెచ్చి, కాస్త మార్చి మధ్యలో కలిపేశారు. అవి బై-ఎస్ఏ 4.0. కొత్త పాఠాన్ని బై-ఎన్‌సీ-ఎస్ఏ కిందే ఇవ్వాలని పుస్తకం షరతు; బై-ఎస్ఏ కిందే ఇవ్వాలని వికీ షరతు. రెండింటినీ తీర్చే లైసెన్స్ లేదు. రెండింట్లోనూ ఎస్ఏ కనిపించేసరికి కలుస్తాయనుకుంటారు. ‘మేం అమ్ముకోవట్లేదుగా’ అన్నా లాభం లేదు: మీ పాఠం తీసుకున్నవాళ్లు అమ్ముకోవచ్చా లేదా అన్నదే ఇక్కడ తగువు.

పరిష్కారం ఎక్కడ పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. కామన్స్‌లోనే పెట్టాలంటే కాల్కులస్ భాగం మొత్తం తీసేయాలి, అక్కడ ఎన్‌సీ చెల్లదు. సొంత సైట్ చాలనుకుంటే వికీ పేరాలు తీసి మీ మాటల్లో రాసుకోండి. గణిత విషయానికి కాపీరైట్ ఉండదు, వాక్యాలకు ఉంటుంది. అయితే పేరాను ఎదురుగా పెట్టుకుని మాటలు మార్చడం సొంతంగా రాసినట్టు కాదు. రెండూ కావాల్సిందే అంటే ఒకదాంట్లో ఒకటి కలపకుండా విడి పేజీల్లో ఉంచి, ప్రతిదాని కిందా దాని లైసెన్స్ రాయండి. ఆ పీడీఎఫ్ కూడా సొంత సైట్‌కే.

కింద రాయాల్సిన వరుస ఇలా: ‘మూలం: కాల్కులస్ వాల్యూమ్ 1, గిల్బర్ట్ స్ట్రాంగ్, ఎడ్విన్ హెర్మన్, ఓపెన్‌స్టాక్స్, సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ 4.0. తెలుగు చేసి ఉదాహరణలు మార్చాం.’ మూలానికీ లైసెన్స్‌కీ లింకులు ఇవ్వండి. మార్చిన సంగతి రాయడమే ఎక్కువమంది మర్చిపోతారు.

తొలి వెర్షన్, అంటే 1.0 కాలం నాటి సీసీ లైసెన్సులు అరుదు. తగిలితే ఆ ముక్క వదిలేయడమే తేలిక.

షరతు తప్పామని తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దితే 4.0 లైసెన్సుల్లో హక్కులు వాటంతటవే తిరిగొస్తాయి. 3.0లో ఆ వెసులుబాటు లేదు, హక్కుదారునే అడగాలి.