వేసవి ప్రయాణంలో శిలాజాల చోట్లు పట్టుకోవడం ఎలా

ఎక్కడికి వెళ్లాలనుకున్నా నేను హోటల్ కంటే ముందు ఆ దారిలోని రాళ్లు చూసుకుంటాను. శిలాజాలు దొరికే చోట్లని నెట్‌లో వెతికితే పదిమందీ గాలించేసిన చోట్లే వస్తాయి. జియలాజికల్ మ్యాప్ (ఎక్కడ ఏ రాయి ఉందో చూపే పటం) చూడటం అలవాటైతే మన దారి పక్కనే కొత్తవి కనబడతాయి. మాక్రోస్ట్రాట్ వెబ్‌సైట్‌లోనో, రాక్‌డ్ యాప్‌లోనో మ్యాప్ మీద వేలు పెడితే చాలు, అక్కడి రాయి రకం, వయసు వచ్చేస్తాయి. రెండూ ఉచితమే.

సున్నపురాయి, షేల్ (బురద గట్టిపడి పలకల్లా చీలే రాయి), ఇసుకరాయి కనిపిస్తే గుర్తు పెట్టుకోండి, శిలాజాలు ఎక్కువగా ఉండేది వీటిలోనే. గ్రానైట్ అయితే ఆగక్కర్లేదు, అది భూమి లోపల కరిగిన రాయి గడ్డకట్టి ఏర్పడింది, అందులో శిలాజాలుండవు. వయసు కూడా ముఖ్యమే. ట్రైలోబైట్లు (గట్టి పెంకుతో పురుగుల్లా ఉండే పాతకాలపు సముద్ర జీవులు) సుమారు 25 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి. అంతకంటే తర్వాతి రాళ్లలో వాటికోసం ఎంత తిరిగినా దొరకవు.

తర్వాత శాటిలైట్ ఫొటోలో ఆ రాయి బయటపడి ఉన్న చోటు చూడండి: వాగు ఒడ్డు, సముద్రపు కొండచరియ, పాత క్వారీ. పచ్చగా చెట్లు కమ్మేసిన చోట పని కాదు.

ఇక అనుమతి. దీని దగ్గర మాత్రం నేను అస్సలు రాజీపడను. అమెరికా నేషనల్ పార్కుల్లో చిన్న ముక్క కూడా తీసుకోకూడదు. అక్కడి బీఎల్ఎం (ప్రభుత్వ భూములు చూసే కేంద్ర సంస్థ) భూముల్లో చాలాచోట్ల మామూలు గవ్వలు, ఆకుల శిలాజాలు సొంతానికి కొద్దిగా ఏరుకోవచ్చు, వెన్నెముక ఉన్న జీవుల ఎముకలు, పళ్లు మాత్రం వద్దు. ఒహాయోలోని సీజర్ క్రీక్‌లో ముందు ఉచిత పర్మిట్ తీసుకోవాలి, పనిముట్లు వాడకూడదు, అరచేతిని మించిన రాయి తేకూడదు. ఇంగ్లండ్‌లోని చార్‌మత్‌లో బీచ్‌లో రాలిపడిన రాళ్లలోనే అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గవ్వ శిలాజాలు) దొరుకుతాయి, చరియను తవ్వడం ప్రమాదం. అక్కడికి ఆటు మొదలయ్యాక వెళ్లి, పోటు రాకముందే తిరిగి రావాలి. పిల్లలుంటే న్యూయార్క్ రాష్ట్రంలోని పెన్ డిక్సీ అనే శిలాజాల పార్కు లాంటి చోటు మేలు: టికెట్ కొని లోపలికి వెళ్తే దొరికినవి ఇంటికి తెచ్చుకోవచ్చు. ప్రైవేటు స్థలమైతే యజమానిని అడగందే అడుగు పెట్టకండి.

చోటు చేరాక నడక ఆపి కూర్చోండి. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో గీతలు, గుంటలు నీడపడి తేలతాయి. రాయి మీద కొంచెం నీళ్లు చల్లితే రంగు తేడా తెలుస్తుంది. ఒకే తీరుగా మళ్లీ మళ్లీ వచ్చే ఆకారం కోసం చూడండి: గవ్వ మీద గాడులు, మధ్యలో చిల్లుతో చొక్కా గుండీలా ఉండే క్రినాయిడ్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) కాడ ముక్కలు. ఒక్కటి కంటికి ఆనితే ఆ పక్కనే మరికొన్ని బయటపడతాయి.

దొరికిన ప్రతిదాన్నీ పేపర్లో చుట్టి తేదీ, చోటు, ఏ పొరలో దొరికిందో అక్కడే రాయండి. పెద్ద ఎముకలాంటిది కనిపిస్తే కదపకుండా, సైజు తెలిసేలా పక్కన పెన్ను పెట్టి ఫొటో తీసి, లొకేషన్‌తో సహా దగ్గర్లోని మ్యూజియానికి పంపండి.