డైరీలో ఎడమ పేజీ ఖాళీగా ఉంచండి

కథలు రాయడానికి పనికొచ్చే డైరీ కోసం ఖరీదైన నోటుబుక్కు కొనకండి. పాడవుతుందన్న భయంతో చెయ్యి ముందుకు సాగదు. గీతల పుస్తకం చాలు.

తేదీ వేసి కుడి పేజీలోనే రాయండి. "ఈరోజు బాగా గడిచింది" అని నేనైతే రాయను, అందులోంచి కథ పుట్టదు. "లిఫ్టులో ఒక పెద్దాయన తాళంచెవుల గుత్తిని చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు" అని రాస్తాను. చూసింది ఒకటి, విన్న మాట ఒకటి, అంతే. విన్న మాటను సరిదిద్దకుండా అన్నది అన్నట్టే దించండి. రాయాలనిపిస్తుండగానే ఆపితే మర్నాడు కలం తేలిగ్గా కదులుతుంది. మానేసిన రోజులకు సంజాయిషీ రాయనక్కర్లేదు (అదో దండగ పని).

నెల తిరిగాక వెనక్కి చదవండి. ఆ పెద్దాయన ఎందుకలా చేశారో ఊహించి ఎడమ పేజీలో రాయండి. నా కథలు చాలావరకు అక్కడే మొదలయ్యాయి. ఇంట్లోవాళ్లు చదువుతారనిపిస్తే పేర్లకు బదులు పొడి అక్షరాలు వాడండి.