పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి శిఖరానికి వెళ్లడం ఎలా?

ఒడిశాలోని గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున ఉన్న మహేంద్రగిరికి రోప్‌వే లేదు. జీపు వెళ్లగలిగినంత మేర జీపులో వెళ్లి, ఆపైన నడవవలసిందే.

ముందుగా రోజును ఎంచుకోవాలి. కార్తికం నుంచి మాఘం వరకు కొండ అనుకూలంగా ఉంటుంది. శివరాత్రికి జనం విపరీతంగా వస్తారు కనుక, మొక్కు ఉన్నవారు తప్ప మిగిలినవారు ఆ రోజు మానుకోవడమే మేలని నా అభిప్రాయం. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములు, పిడుగులతో వాన ముంచుకు రావచ్చు. శిఖరం దగ్గర గడ్డి నేలే తప్ప తలదాచుకునే చోటు అరుదు.

హౌరా–చెన్నై మార్గంలోని పలాసలో రైలు దిగి, రోడ్డుమీద టెక్కలి మీదుగా పర్లాకిమిడి చేరుకోవచ్చు. ఫోనులో దారి వెతికేటప్పుడు జాగ్రత్త అవసరం: ఇస్రో ఇంజన్లను పరీక్షించే మహేంద్రగిరి తమిళనాడులోనిది. అలాగే దారిలో వినిపించే ‘రాయగడ’ గజపతి జిల్లాలోని బ్లాకే గాని, అదే పేరుగల జిల్లా కేంద్రం కాదు.

రాత్రి పర్లాకిమిడిలో బస చేసి, తెల్లవారకముందే బయలుదేరాలి. జీపు మాట్లాడుకునేటప్పుడు కిరాయితో పాటు బండి ఎక్కడిదాకా వస్తుందో, ఎన్ని గంటలదాకా ఆగుతుందో కూడా తేల్చుకోవాలి. పట్నంలో తెలుగు సరిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ ఒడియా, సవర భాషలు వినిపిస్తాయి. అక్కడివారిని ‘ఎంత దూరం?’ అని అడిగితే ‘దగ్గరే’ అంటారు. అది వారి కాళ్లకు దగ్గర. మనం ఎన్ని గంటలు పడుతుందని అడిగి, దానికి సగం కలుపుకోవాలి.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, అటుకులు, బెల్లం, చేతికర్ర, ఒక స్వెట్టర్ ఉండాలి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది కాబట్టి, కింద చెమట పట్టించిన చొక్కానే పైన గాలికి వణికిస్తుంది.

కొండమీద కుంతి, ధర్మరాజు, భీముల పేర్లతో రాతి గుడులున్నాయి. కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజులు తమ రాగి శాసనాలలో మహేంద్రాచలంపై వెలసిన గోకర్ణేశ్వరుణ్ణి కులదైవంగా స్తుతించారు. భీముని గుడి చిన్నదే అయినా, దాని రాళ్లు ఎంత పెద్దవంటే ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరినీ అడగనక్కరలేదు. ఆ రాళ్లమీదికి ఎక్కకూడదు, పేర్లు చెక్కకూడదు.

శిఖరం అందినా అందకపోయినా మధ్యాహ్నం పన్నెండుకు వెనుదిరగాలి. మబ్బు కమ్మితే పది అడుగుల ముందున్న బాట కూడా కనిపించదు. దిగే ముందు బూట్ల లేసులను చీలమండ దగ్గర బిగించి కట్టుకోవాలి. లేకపోతే పాదం ముందుకు జారి, బొటనవేలి గోరు అడుగడుగునా బూటుకు తగిలి, జీపు చేరేసరికి నల్లబడుతుంది.