తాళం జేబులోనే ఉంది, కారు మాత్రం తెరుచుకోదు

పొద్దున్న ఆఫీసు టైముకి కొండాపూర్‌లో ఏదో అపార్ట్‌మెంట్ సెల్లార్. డోర్ హ్యాండిల్ మీద బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు అందరి నోటా వచ్చే మాట ‘పాడు సాఫ్ట్‌వేర్’. చాలాసార్లు తప్పు దానిది కాదు. ఎలక్ట్రిక్ కారుకి పెద్ద బ్యాటరీ ప్యాక్ కాక ఇంకో రెండు చిన్న బ్యాటరీలుంటాయి. ఒకటి రిమోట్ కీలో ఉండే బటన్ సెల్, రెండోది సాధారణంగా బానెట్ కింద ఉండే 12 వోల్టుల బ్యాటరీ. ముందు ఈ రెండింటి సంగతి తేల్చుకుని, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవచ్చు.

ఏది పోయిందో తెలుసుకోవడం తేలికే. రిమోట్ నొక్కితే దాని మీది చిన్న లైటు వెలగడం లేదా, మసగ్గా వెలుగుతోందా? అయితే బటన్ సెల్. ఇంట్లో ఉన్న రెండో రిమోట్‌తో కారు మామూలుగా తెరుచుకున్నా అనుమానం సెల్ మీదే. రెండు రిమోట్లకీ కారు పలక్క, ఇండికేటర్లు కూడా మిణుక్కుమనకపోతే 12 వోల్టుల బ్యాటరీ కింద లెక్క.

ముందు లోపలికి వెళ్లండి

చాలా రిమోట్లలో ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది. పక్కనున్న చిన్న మీట జరిపి లాగితే వస్తుంది. చాలా కార్లలో డ్రైవర్ డోర్ హ్యాండిల్ చివర చిన్న ప్లాస్టిక్ మూత, దాని వెనక తాళం రంధ్రం ఉంటాయి. మూత కింది వైపు గాడిలో తాళంచెవి మొన పెట్టి పైకి లేపితే ఊడివస్తుంది. తలుపులో కలిసిపోయే ఫ్లష్ హ్యాండిళ్లలో చాలావాటికి ఒక కొస నొక్కితే రెండో కొస బయటికి వస్తుంది. మీ కారుకి ఎటు నొక్కాలో, రంధ్రం ఎక్కడుందో తీరిగ్గా ఉన్న ఆదివారం ఒకసారి చేసి చూసుకోండి, సెల్లార్ చీకట్లో ఫోన్ టార్చ్ నోట్లో కరుచుకుని నేర్చుకునే పని కాదిది.

ఇలా తెరిచినప్పుడు అలారం మోగితే కంగారుపడొద్దు. రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి, బ్రేక్ తొక్కి నొక్కండి. కొన్ని మోడళ్లలో ఆ చోటు కప్ హోల్డర్లోనో కన్సోల్ పెట్టె అడుగునో ఉంటుంది. రిమోట్‌లో సెల్ అవసరం లేని చిన్న చిప్ ఒకటుంది, దగ్గరగా పెడితే కారే దానికి కావలసిన శక్తి ఇచ్చి గుర్తుపడుతుంది. సెల్ చచ్చినా ఆఫీసుకి వెళ్లిపోవచ్చు.

బటన్ సెల్

ఎక్కువ రిమోట్లలో ఉండేది సీఆర్2032, 3 వోల్టులది. కొన్నిటిలో సీఆర్2450. అది వెడల్పూ మందమూ ఎక్కువ, కాబట్టి ఒకదాని చోట ఇంకోటి పట్టదు. పాతదాని మీది అంకె చూసి కొనండి. దీనికోసం కోఠీ గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ కొట్ల దాకా వెళ్లక్కర్లేదు. వాచీల కొట్టులోనో, మెడికల్ షాపులోనో అడగండి. షుగర్ చూసుకునే మిషన్లు కొన్నిటికి ఇదే సెల్.

తాళంచెవి తీసిన చోట సన్నటి గాడి కనిపిస్తుంది. చదును మొన స్క్రూడ్రైవర్‌కి పల్చటి గుడ్డ చుట్టి అందులో పెట్టి మెల్లగా తిప్పితే రెండు చిప్పలూ విడిపోతాయి. కత్తితో పెకలిస్తే లోపలి కొక్కేలు విరిగి, ఆ రిమోట్ జన్మంతా రబ్బరు బ్యాండుతో బతకాలి. సెల్ తీసేముందు ప్లస్ గుర్తు ఎటుందో ఫొటో తీసుకోండి. కొత్తదాన్ని అంచులు పట్టుకుని పెట్టండి. కొత్తది వేసినా పనిచేయకపోతే ఒకసారి దాని మీద పూత చూడండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని కంపెనీలు చేదు పూత వేస్తాయి, అది కొన్ని రిమోట్లలో కరెంటు అందకుండా అడ్డుపడుతుంది. స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే సరి. తీసేసిన సెల్‌కి రెండు వైపులా టేపు వేసి పిల్లలకు అందనిచోట పెట్టండి. మింగితే లోపల కాల్చేస్తుంది, క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం.

కొత్త సెల్ మల్టీమీటర్లో 3 వోల్టుల పైన చూపిస్తుంది. 2.8కి దిగితే మార్చేయండి. అయితే మీటరు మాట పూర్తిగా నమ్మొద్దు, ఊరికే ఉన్నప్పుడు 2.9 చూపించి, రిమోట్ సిగ్నల్ పంపే క్షణంలో కుప్పకూలే సెల్స్ ఉంటాయి.

సెల్ బాగానే ఉన్నా ఒక్కోసారి హ్యాండిల్ పలకదు. మీరు హ్యాండిల్ తాకగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న సిగ్నల్ పంపి రిమోట్‌ని లేపుతుంది, రిమోట్ 433 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది. ఆ మొదటి పిలుపు మీటరు, మీటరున్నర దాటి పోదు. వైర్‌లెస్ చార్జింగ్ పలకలు పనిచేసేది కూడా ఇంచుమించు ఆ ఫ్రీక్వెన్సీలోనే. అందుకే పలక మీదో పక్కనో రిమోట్ పెడితే ‘కీ కనబడలేదు’ అంటుంది. ఫోనూ రిమోటూ ఒకే జేబులో అతుక్కుని ఉన్నా ఇదే తంతు. వేరే జేబులోకి మార్చి చూడండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

12 వోల్టుల బ్యాటరీ

పెద్ద ప్యాక్‌లో 70 శాతం చార్జి ఉండగా కారు తెరుచుకోకపోవడం ఏమిటని చాలామంది మండిపడతారు. తాళాలు, స్క్రీన్, కంప్యూటర్లు అన్నీ నడిచేది 12 వోల్టుల మీద. పెద్ద ప్యాక్‌ని కారుకి కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్‌లు మూసుకోవాలన్నా అదే దిక్కు. బోరులో ఎన్ని నీళ్లుంటే ఏం లాభం, స్టార్టర్‌కి కరెంటు లేకపోతే? పైగా పెట్రోలు కారైతే పోయేముందు చెబుతుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఈడుస్తుంది. ఎలక్ట్రిక్ కారులో తిప్పడానికి ఇంజనే లేదు, కాబట్టి బ్యాటరీ బలహీనపడిన సంగతి బయటపడదు. నిన్న రాత్రి బాగుంటుంది, ఇవాళ పొద్దున్న బొమ్మలా నిలబడుతుంది. హైదరాబాద్ మే నెల ఎండలు లెడ్ యాసిడ్ బ్యాటరీని తొందరగా ముసలిదాన్ని చేస్తాయి. మూడేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించడం మేలు.

ఇంట్లో చూడాలంటే బానెట్ తెరిచి ఉంచి, కారు లాక్ చేసి, రిమోట్ పైన ఫ్లాట్‌లో వదిలి, కొన్ని గంటలాగి మీటరు పెట్టండి. బానెట్ అప్పుడే తెరిస్తే కారు మేలుకుని పెద్ద ప్యాక్ నుంచి చార్జింగ్ మొదలుపెట్టొచ్చు. అప్పుడు కనిపించే 13.5, 14 వోల్టులు చార్జింగ్ తాలూకు అంకె, బ్యాటరీది కాదు. తాపీగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కన్నా తక్కువైతే ఏ పొద్దున్నైనా మొండికేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీగా లిథియం రకం ఉన్న కార్లకు ఈ లెక్క వర్తించదు.

పూర్తిగా పడిపోతే చిన్న పోర్టబుల్ బూస్టర్ (బయటి నుంచి కరెంటు అందించే చేతి బ్యాటరీ) చాలు. ఇంజను తిప్పే పని లేదు కదా, కంప్యూటర్లు లేచి కాంటాక్టర్లు మూసుకుంటే చాలు. ఎర్ర క్లిప్ ప్లస్‌కి, తర్వాత నల్ల క్లిప్ మాన్యువల్‌లో చూపించిన లోహపు బిందువుకి. కారు ఆన్ చేసి ‘రెడీ’ లైటు వచ్చాక క్లిప్పులు తిరగేసిన వరుసలో తీసేసి, ఓ గంట అలాగే రెడీలో ఉంచండి. నారింజ రంగు కేబుళ్ల జోలికి పొరపాటున కూడా పోవద్దు, అవి హై వోల్టేజీవి. మీ కారుతో పక్కింటి పెట్రోలు కారుని జంప్ స్టార్ట్ చేయడానికి కూడా ఒప్పుకోకండి. దాని సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్లకి మీ కారులోని ఏర్పాటు చాలదు.

మరి ఉన్నట్టుండి ఎందుకు దిగిపోయింది? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఆ దొంగ చాలాసార్లు బయటి కొట్లో బిగించుకున్న డాష్‌క్యామ్, అంటే రోడ్డుని రికార్డు చేసే కెమెరా. పార్కింగ్ మోడ్‌లో పగలూ రాత్రీ తాగుతూనే ఉంటుంది. తర్వాతి అనుమానం యాప్ మీద. సంక్రాంతికి ఊరెళ్లి, అక్కణ్నుంచి రోజుకి పదిసార్లు ‘కారు ఎలా ఉందో’ అని చూస్తే, చూసిన ప్రతిసారీ కారు నిద్రలేస్తుంది. పది రోజులు వదిలేసేటప్పుడు డాష్‌క్యామ్ తీగ పీకేయండి, యాప్ ముట్టుకోకండి, పెద్ద ప్యాక్ 50, 60 శాతం దగ్గర ఉంచండి, రిమోట్లు కారుకి దూరంగా పెట్టండి.

ఫోనే తాళం అనుకుంటే

యాప్‌లో అన్‌లాక్ నొక్కితే ఆ మాట ఫోన్ నుంచి కంపెనీ సర్వర్‌కి, అక్కణ్నుంచి కారులోని సిమ్‌కి వెళ్లాలి. రెండో సెల్లార్‌లో మీ ఫోన్‌కి వైఫై ఉన్నా కారు సిమ్‌కి సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎన్నిసార్లు నొక్కినా అంతే. రోజుల తరబడి నిలిపిన కారైతే ఆ సిమ్ ఉండే మోడెమ్ కూడా నిద్రపోతుంది. మొదటి కమాండ్ ఫెయిలైతే రెండు నిమిషాలాగి మళ్లీ పంపండి. బ్లూటూత్ తాళం వేరు, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అది మొరాయిస్తే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ యాప్ సెట్టింగ్స్‌కి వెళ్లి బ్యాటరీ పొదుపు ఆంక్షలు తీసేసి, బ్లూటూత్, లొకేషన్ అనుమతులు ఎప్పుడూ ఉండేలా పెట్టండి. ఫోన్ వెనక జేబులో ఉంటే మధ్యలో మన ఒళ్లే అడ్డం, చేతిలోకి తీసుకోండి. కారుకి ఆనిస్తే తెరుచుకునే ఎన్‌ఎఫ్‌సీ కార్డు ఇచ్చి ఉంటే పర్సులో ఉండాలి, కారు డ్యాష్‌బోర్డులో కాదు.

అప్‌డేట్లు, హ్యాంగులు

అప్‌డేట్ వచ్చిందనగానే సెల్లార్‌లో మొదలుపెట్టకండి. డౌన్‌లోడ్ బయట, సిగ్నల్ ఉన్నచోట అవ్వనివ్వండి. ఇన్‌స్టాల్‌కి కారు పార్క్ గేరులో ఉండాలి, 12 వోల్టుల బ్యాటరీ గట్టిగా ఉండాలి. అది బలహీనంగా ఉంటే మధ్యలో ఆగిపోయేది ఇక్కడే. ఇన్‌స్టాల్ జరిగేంతసేపు ఏసీ, అద్దాలు, తాళాలు పనిచేయకపోవచ్చు. కాబట్టి పిల్లల్ని దింపేసి, ఇనుప తాళంచెవి చేతిలో పెట్టుకుని బయట నిలబడండి. లోపల చిక్కుకుంటే తలుపు తెరిచే మెకానికల్ మీట ఎక్కడుందో కూడా ముందే చూసి ఉంచుకోండి. కొన్ని కార్లలో వెనక తలుపులకి అది వేరేచోట ఉంటుంది. అప్‌డేట్ అయ్యాక చార్జింగ్ పరిమితి, చార్జింగ్ షెడ్యూల్, దూరం వెళ్తే లాక్ అయ్యే సెట్టింగ్, రీజెన్ (వేగం తగ్గేటప్పుడు బ్యాటరీకి చార్జి తిరిగి చేరే ఏర్పాటు) స్థాయి ఒకసారి చూడండి. ‘రాత్రంతా ప్లగ్ పెట్టినా చార్జి ఎక్కలేదు’ అనేదాని వెనక తరచుగా ఉండేది మారిపోయిన షెడ్యూలే.

స్క్రీన్ హ్యాంగైతే బండి పక్కకి ఆపి, మాన్యువల్‌లో చెప్పిన బటన్‌ని రీస్టార్ట్ అయ్యేదాకా నొక్కి పట్టండి. అప్పటికీ లొంగకపోతే లాక్ చేసి, రిమోట్‌తో సహా దూరంగా వెళ్లి ఇరవై నిమిషాలు కారుని నిద్రపోనివ్వండి. బ్యాటరీ తీగ పీకడం మాత్రం సర్వీస్ వాళ్లకే వదిలేయండి.

చార్జింగ్ గన్ ఇరుక్కుంటే గుంజొద్దు. ముందు చార్జింగ్ ఆపండి, రిమోట్‌తో అన్‌లాక్ నొక్కండి, గన్‌ని కాస్త లోపలికి తోస్తూ ఇంకోసారి అన్‌లాక్ నొక్కి అప్పుడు లాగండి. లోపలి పిన్ మీద ఒత్తిడి ఉంటే అది జారదు. గన్‌ని విడిపించే ఎమర్జెన్సీ తాడు చాలా కార్లలో డిక్కీలోనో బానెట్ కిందో ఉంటుంది, మాన్యువల్‌లో ఆ పేజీ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

ఇవన్నీ చేసినా పదేపదే వస్తుంటే సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, కానీ ఒట్టి చేతులతో కాదు. ‘అప్పుడప్పుడూ తెరుచుకోదు’ అంటే ‘చెక్ చేశాం, సమస్య లేదు’ అని రాసి పంపేస్తారు. తప్పు జరిగిన తేదీ, నిమిషంతో సహా సమయం, అప్పటి సాఫ్ట్‌వేర్ వెర్షన్, 12 వోల్టుల రీడింగ్, వీలైతే వీడియో చూపించండి. కారు లాగ్‌లో వెతకాలంటే వాళ్లకి కావలసింది ఆ సమయమే. జాబ్ కార్డు మీద మీ మాటల్లోనే రాయించి, సంతకం పెట్టేముందు చదివి, ఒక కాపీ తెచ్చుకోండి. రెండు రిమోట్లూ వెంట తీసుకెళ్లండి, ఒకటే తీసుకెళ్తే ‘రెండోది కూడా తెండి సార్’ అని వెనక్కి పంపుతారు.